‘మా’ అను ఏకాక్షరము

శబ్దము చెవికి అందును; అర్థము మనస్సునకు అందును. ఈ రెండింటి నడుమ గల దూరము ఎంతటిదో పూర్వులు ఒక చిన్న దృష్టాంతముచే తెలిపిరి. ‘సైంధవమును తెమ్ము’ అని యజమాని సేవకుని ఆజ్ఞాపించెను. సైంధవమనగా ఉప్పు. సింధుదేశమున పుట్టిన గుఱ్ఱము కూడ సైంధవమే. యజమాని విస్తరి ముందు కూర్చుండి ఆ మాట పలికినచో సేవకుడు ఉప్పు తేవలెను. ప్రయాణసన్నద్ధుడై వాకిట నిలిచి పలికినచో గుఱ్ఱమును తేవలెను. మాట ఒక్కటే. దానిని ఉప్పుగనో, గుఱ్ఱముగనో చేయునది సందర్భము. భర్తృహరి తన వాక్యపదీయమున శబ్దార్థనిర్ణయమునకు సాహచర్యము, విరోధము, ప్రకరణము, ఔచిత్యము మున్నగు హేతువులను పరిగణించుటకు కారణము ఇదియే.

రెండర్థములు గల మాటకే ఇంత వివేకము కావలసియుండగా, పది భాషలలో పది అర్థములు గల ఒక్క అక్షరమునకు ఎంత వివేకము కావలెను? అట్టి అక్షరము ‘మా’. పెదవులు మూసి తెరచినంతనే పుట్టు ఈ ధ్వని కన్న సులభమైనది మానవకంఠమునకు మఱియొకటి లేదనవచ్చును. అయినను దీని అర్థములను వరుసగా చూచినచో అవి ఒకదానితో నొకటి పొసగునవి కావు.

హిందీ, వంగ భాషలలో ‘మా’ అనగా తల్లి. పారసీకమున అదే ధ్వనికి ‘మేము’ అని అర్థము. అరబ్బీలో అది యొకచోట ‘ఏమి?’ అను ప్రశ్న, మఱియొకచోట ‘కాదు’ అను నిరాకరణ. తమిళమున అది మామిడి; ‘గొప్పది’ యనియు అర్థము కలదు. ఇటలీ దేశీయులు ‘కాని’ అనుటకు ఈ ధ్వనినే వాడుదురు. జపాను దేశీయులకు అది రెండు వస్తువుల నడుమ, రెండు ధ్వనుల నడుమ నుండు ఎడము. టిబెట్టు భాషలో అది తల్లియు అగును, ‘కాదు’ అను మాటయు అగును. చీనా భాషలో స్వరము మారిన కొలదియు అర్థము మారును: సమస్వరమున పలికిన తల్లి, స్వరమును పైకెత్తి పలికిన జనపనార జాతి మొక్క, దించి యెత్తి పలికిన గుఱ్ఱము, ఒక్కసారిగ దించి పలికిన తిట్టు. వియత్నాము భాషలో ఒక స్వరమున అది ప్రేతము, వేఱొక స్వరమున అది వరినారు. తల్లికిని తిట్టునకును, ప్రేతమునకును పచ్చని నారునకును నడుమ నున్నది గొంతులోని రవంత హెచ్చుతగ్గు మాత్రమే!

ఇన్ని భాషలలో ఈ ధ్వని తల్లిని సూచించుట యేల అని విచారించినవారు కలరు. రోమన్ యాకబ్‌సన్ అను భాషాశాస్త్రవేత్త 1960లో వెలువడిన ఒక వ్యాసమున దీనికి సమాధానము చెప్పెను. స్తన్యపానము చేయు శిశువు నోరు తీయకయే ముక్కుతో చేయగల ధ్వని మకారమునకు సన్నిహితమైనది. తరువాత ఆకలి వేసినప్పుడును, అక్కఱ కలిగినప్పుడును శిశువు ఆ ధ్వనినే చేయును. పెద్దలు దానిని తమ్ము పిలుచుటగా గ్రహించి తల్లికి పేరుగా నిలిపిరి. అనగా శిశువు ముందు పలికినది పేరు కాదు, అక్కఱ. ఆ అక్కఱను పేరుగా విన్నది తల్లి హృదయము. అయితే ఇదియు సార్వత్రిక నియమము కాదు. జార్జియా దేశపు భాషలో ‘మామా’ అనగా తండ్రి. తల్లిని ‘దేదా’ అందురు. కావున అర్థము ధ్వనిలో నాటుకొని యున్నది కాదు. పలుకువాని చేతను, వినువాని చేతను అది నిర్ణీతమగుచున్నది.

ఇక గీర్వాణవాణిని చూతురు గాక. సంస్కృతమున ‘మా’ ప్రధానముగ నిషేధవాచకము. పాణిని దీనిని ‘మాఙ్’ అని వ్యవహరించెను. చేయకుము, పోకుము, శోకింపకుము అని చెప్పవలసిన చోట ఈ అక్షరము నిలుచును. ‘నన్ను’ అను అర్థమున ‘మామ్’ అనుదానికి సంక్షిప్తరూపము కూడ ‘మా’ యే. కొలుచుట అను అర్థము గల ధాతువును ‘మా’ యే. మానము, ప్రమాణము, మాత్ర అను పదములు దాని సంతానము. వీనికన్నింటికి మించి ‘మా’ అనగా సాక్షాత్తు లక్ష్మీదేవి. ‘మా’కు ధవుడు, అనగా భర్త, కనుక విష్ణువు మాధవుడయ్యెను. అమరకోశమున లక్ష్మీనామములను చెప్పునపుడు ‘లోకమాత’ అను నామమునకు ప్రక్కనే ‘మా’ అను నామము కూర్చబడి యున్నది.

ఆదికావ్యమునకు బీజమైన శ్లోకము ఈ అక్షరముతోనే ఆరంభమగుట గమనింపదగినది. తమసానదీ తీరమున క్రౌంచమిథునములో మగపక్షిని బోయవాడు కూల్చెను. ఆడుపక్షి ఆక్రందనము వినిన వాల్మీకి మహర్షి శోకము శ్లోకమై వెలువడెను. దాని మొదటి అక్షరము ‘మా’. పైకి చూచిన అది బోయవానికి శాపము. నిషేధార్థమే అచట ముఖ్యార్థము. కాని శ్రీవైష్ణవ వ్యాఖ్యాతలు ఆ అక్షరమును తరువాతి పదముతో కలిపి, ‘మా’ యనగా లక్ష్మి యనియు, ఆమెకు నివాసమైనవాడు శ్రీనివాసుడనియు అన్వయించి, ఆ శ్లోకము భగవంతునికి మంగళాశాసనమని నిరూపించిరి. ఒక్క అక్షరమే శాపమునకు ముఖము, మంగళమునకును ముఖము. ఇది పాండిత్యచమత్కారము మాత్రమే యని కొందఱు తలంపవచ్చును. కాని ఒక ప్రాణికి కలిగిన బాధను చూచి ‘వద్దు’ అని అడ్డుపడు హృదయమునకును, లోకమాతృహృదయమునకును భేదము లేదను సత్యము ఆ చమత్కారమున దాగియున్నది.

ఇంతవరకు చెప్పినది కోశములకును, వ్యాఖ్యలకును సంబంధించిన విషయము. ఆంధ్రుల నిత్యవ్యవహారమున ఈ అక్షరము మఱియొక విధముగ నిలిచి, ధర్మవిచారమునకు తావొసగుచున్నది. తెలుగున ‘మా’ అనగా మాకు చెందినది. వినుచున్న నీవు అందు చేరవు అని భావము. వినువానిని కూడ కలుపుకొనవలసినచో ‘మన’ అనవలెను. పరాయివానితో ‘మా ఊరు’ అందురు. ఊరివానితో ‘మన ఊరు’ అందురు. తమిళమున ఎం, నం అను రూపములకు ఈ భేదమే కలదు. మరాఠీ, గుజరాతీ భాషలలోను కలదు. సంస్కృతమునకు ఈ భేదము లేదు, హిందీకిని లేదు. నేటి కన్నడము దీనిని విడిచినది. తెలుగువాడు మాత్రము నోరు తెరచి తనవారిని గూర్చి పలికిన ప్రతిసారియు, ఎదుటివానిని లోపల ఉంచుటయో, వెలుపల ఉంచుటయో నిశ్చయించుకొనియే పలుకుచున్నాడు. ఆ నిశ్చయము క్షణములో జరుగును. పలికినవానికి తెలియకయే జరుగును.

తెలుగు మర్యాదలో మఱియొక విశేషము కలదు. ఒంటరిగ నున్నవాడును ‘నా ఇల్లు’ అనుటకు సంకోచించి ‘మా ఇల్లు’ అనును. ఒక్కడే కొడుకైనను ‘మా అమ్మ’ అనును. ఇల్లాలు భర్తను ‘మావారు’ అనును. ‘నా’ అనుటలోని అహంకారమును ‘మా’ అను బహువచనముచే పెద్దలు సడలించిరి. ఇది శ్లాఘనీయమైన సంస్కారము. కాని ఇచటనే ఒక ప్రశ్న ఉదయించుచున్నది. ‘నా’ ను విడిచి ‘మా’ ను పట్టినవాడు అహంకారమును విడిచినట్లా, లేక దానికి పెద్ద ఇల్లు కట్టినట్లా?

ఈ ప్రశ్న సామాన్యమైనది కాదు. తన కొఱకు అబద్ధమాడుటకు జంకువాడు తనవారి కొఱకు జంకు లేక ఆడును. తనకై పరుల సొమ్ము ముట్టనివాడు కుటుంబమునకై ముట్టును. తన్ను తిట్టినను ఊరకుండు శాంతుడు తన కులమును, తన ఊరిని, తన దైవమును ఒక మాట అన్నచో కఱ్ఱ పుచ్చుకొనును. అడిగినచో, ఇది స్వార్థము కాదు, త్యాగమనును. ‘నా’ అను మాట దోషమని లోకమెల్ల ఎఱుగును. కావున అది సిగ్గుపడి దాగును. ‘మా’ అను మాట సుగుణవేషము ధరించి వీధిలో నిలుచును. ఉత్సవమునాడు రెండు వీధులవారు రథము ఎవరి వాకిట ముందు నిలువవలెనని కలహించునపుడు, ఆ రథముపై నున్న స్వామిని ఇరువురును మఱతురు. ఇరువురి నోటను ఉన్నది ‘మా స్వామి’ యే.

భగవద్గీత మొదటి శ్లోకము పలికినవాడు కృష్ణుడు కాదు, అర్జునుడు కాదు, అంధుడైన ధృతరాష్ట్రుడు. తన కుమారులను ‘మామకాః’ అనియు, తమ్ముని కుమారులను ‘పాండవాః’ అనియు వేఱుచేసి అతడు సంజయుని ప్రశ్నించెను. తండ్రి లేని ఆ పాండవులకు తండ్రివలె నుండవలసినవాడు అతడే. కన్నులు లేకపోవుట అతని దోషము కాదు; ‘మావారు’ అను మాటలో పాండవులను చేర్చుకొనలేకపోవుట దోషము. కురుక్షేత్రమున అక్షౌహిణులు నశించుటకు బీజము ఆ ఒక్క మాటలో కలదు. ఆ గీతయే తుదకు చరమశ్లోకమున శోకింపకుమని అభయమిచ్చుచు మఱల ‘మా’ అను అక్షరమునే చేపట్టినది. ఆదిని రాజు నోట మమకారమై, అంతమున భగవంతుని నోట అభయమై మకారమే వినిపించినది.

అయినచో ‘మా’ అను భావమును సమూలముగ పరిత్యజింపవలెనా? అది సాధ్యము కాదు. సాధ్యమైనను హితము కాదు. లోకమంతయు నాదే యని సభలలో పలుకుచు, ఇంట ముసలితల్లికి వేళకు గంజి పోయనివాడు కలడు. వాని ‘మన’ అను మాటకు వేరు లేదు. శిశువు తన తల్లిని ముందు ఎఱిగి, పిదప కదా లోకమును ఎఱుగును! ‘మా’ అను గడప దాటక ‘మన’ అను వీధిలోనికి ఎవడును పోజాలడు. దోషము గడపలో లేదు. గడపపై కూర్చుండి లోనికి ఎవ్వరిని రానీయకుండుటలో కలదు.

కావున గుర్తింపవలసినది ఆ మాట ఎట్టి సందర్భమున వచ్చినదను విషయమే. సైంధవము ఉప్పో, గుఱ్ఱమో సందర్భము చెప్పినట్లే, ‘మా’ ధర్మమో, మోహమో సందర్భమే చెప్పును. ‘మా తల్లి, కనుక ఆమెకు సేవ చేయవలెను’ అన్నచో ఆ ‘మా’ కర్తవ్యము. ‘మా బావి, కనుక నీవు నీరు తోడరాదు’ అన్నచో ఆ ‘మా’ అధికారము. ఆ మాట తరువాత తనపై భారము పడుచున్నచో అది ధర్మము. ఎదుటివానిపై పడుచున్నచో అది మమకారము. ఈ పరీక్షకు శాస్త్రపాండిత్యము అక్కఱలేదు.

సీతాదేవి చరిత్రము దీనికి నిదర్శనము. రావణవధానంతరము హనుమంతుడు అశోకవనమున కేగి, పది నెలలు ఆ తల్లిని బాధించిన రాక్షసస్త్రీలను చంపుటకు అనుజ్ఞ వేడెను. అతని కోపము న్యాయమైనది. వారు శత్రుపక్షమువారు, అపరాధులు, దిక్కులేనివారు. సీత వలదనెను. రాజాజ్ఞకు లోబడి వారు అట్లు చేసిరనియు, తప్పు చేయనివారు లోకమున లేరనియు, ఆర్యులు అపరాధులయందును దయ చూపవలెననియు చెప్పెను. ఆమె లక్ష్మి, అనగా ‘మా’. ఆమె పలికినది నిషేధము, అదియు ‘మా’. ఆమె ఎవరి కొఱకు పలికెనో వారు ఆమెకు ఏమియు కారు. కోశములలో విడివిడిగ నున్న అర్థములు, తల్లి యనియు, వద్దనియు ఉన్నవి, అశోకవనమున ఏకమైనవి. తనవారిని రక్షించునది ఏ తల్లియైనను చేయు పని. తన్ను బాధించినవారికి అడ్డుపడినది కనుకనే ఆమె లోకమాత.

‘మా’ నుండి ‘మన’కు పోవు మార్గమును పెద్దలు మంత్రమునందే నిక్షేపించిరి. మహాభారతమున, ‘మమ’ అను రెండక్షరములు మృత్యువనియు, ‘న మమ’ అను మూడక్షరములు శాశ్వతబ్రహ్మమనియు చెప్పబడినది. పదునాలుగవ శతాబ్ది తొలిపాదము వఱకు శ్రీరంగమున నున్న పిళ్ళై లోకాచార్యులు తమ ముముక్షుప్పడి యను రహస్యగ్రంథమున తిరుమంత్రములోని ‘నమః’ అను పదమును రెండుగా విభజించి వివరించిరి. ‘మః’ అనగా నాది. ‘న’ అనగా కాదు. నమస్కారమనగా చేతులు జోడించుట మాత్రమే కాదు. ‘నాది కాదు’ అని ఒప్పుకొనుట.

ఈ అర్థమును అనుష్ఠించి చూపినవారు అంతకు పూర్వులైన భగవద్రామానుజులు. గురుపరంపరాకథల ననుసరించి, వారు తిరుక్కోష్టియూర్ నంబి వద్ద మంత్రార్థము గ్రహించుటకు 18 మారులు నడచి పోయిరి. దానిని ఎవ్వరికిని చెప్పరాదని గురువు ప్రమాణము చేయించుకొనెను. రామానుజులు ఆ ఊరి ఆలయమునందే ఎత్తైన చోట నిలిచి జనులందఱకును దానిని ఉపదేశించిరి. గురువు కోపించి అడుగగా, ఆజ్ఞను అతిక్రమించినందుకు నరకము తనకొక్కనికే ప్రాప్తించును గదా, విన్నవారందఱు తరింతురు గదా అని బదులు చెప్పిరట. ‘నాది కాదు’ అని చెప్పు మంత్రమును ‘మాది’ అని దాచుకొనుట ఎట్లు పొసగును? ఇచట పరీక్ష స్పష్టము: భారము తనపై, ఫలము పరులపై.

పిళ్ళై లోకాచార్యుల కాలముననే శ్రీరంగముపై ఢిల్లీ సుల్తానుల సేనలు దండెత్తి వచ్చినవి. వృద్ధులైన ఆ ఆచార్యులు ఉత్సవమూర్తిని వెంటగొని తరలిపోయి, దారిలో జ్యోతిష్కుడి యను చోట దేహము చాలించిరి. ‘నాది కాదు’ అని బోధించినవారు ఇల్లును, ఊరిని, దేహమును గూడ అట్లే విడిచిరి. స్వామి పెక్కేండ్లు పరదేశములలో సంచరించి, తిరుమలలోను చిరకాలము ఉండి, 1371లో విజయనగర రాజ్యాధికారియైన గోపణార్యుని ప్రయత్నముచే శ్రీరంగమునకు మఱల వేంచేసెను. అప్పటికి ఆలయమున వేఱొక మూర్తి పూజలందుచుండెను. ఏది పూర్వపు మూర్తి? తెలిసిన పెద్దలు చాలవఱకు గతించిరి. ఊరిలో ఒక వృద్ధ రజకుడు, కన్నులు కానరానివాడు, ఒకప్పుడు స్వామివారి వస్త్రములు ఉతికినవాడు మిగిలి యుండెనని స్థలకథ. తిరుమంజనము చేసి, తడిసిన వస్త్రమును పిండిన తీర్థమును అతనికి ఇచ్చిరి. అతడు దానిని ఆస్వాదించి, పరిమళము గుర్తించి, ‘ఈయనయే మన పెరుమాళ్ళు’ అనెను. ‘నంపెరుమాళ్’ అను తిరునామము నాటినుండి నిలిచినది.

కన్నులు లేని రాజు ‘మామకాః’ అనెను. కన్నులు లేని రజకుడు ‘నం’ అనెను. తమిళమున ‘ఎం’ అనవచ్చును. అనినచో ‘మా పెరుమాళ్ళు’ అయ్యెడివాడు. ఏబదేండ్లు ఆ పరిమళమును జ్ఞప్తియందుంచుకొన్నవాడు అతడొక్కడే. తనదని చెప్పుకొనుటకు అక్కడ నున్నవారిలో అధికారము గలవాడెవడైన నున్నచో అతడే. అయినను వినుచున్నవారినందఱిని చేర్చుకొను మాటనే పలికెను. అధికారులును, అర్చకులును ఆ మాటను శిరసావహించి స్వామికి నామముగ నిలిపిరి. ఏ శాసనమును, ఏ పండితుడును తీర్పజాలని సందేహమును ఒక్క సర్వనామము తీర్చెను.

నేటికిని భక్తుడు ఆలయమున సంకల్పవేళ తన గోత్రమును, తనవారి పేర్లను చెప్పించుకొనును. అది తప్పు కాదు, అది గడప. తనవారి క్షేమము కోరనివాడు లోకక్షేమమును ఏమి కోరును? కాని పేర్లు చెప్పుట ముగిసి, చేతులు జోడించి ‘నమః’ అనునపుడు, ఆ పేర్లన్నియు తనవి కావని ఒప్పుకొన్నట్లే యగుచున్నది. పిదప తీర్థము ఇచ్చు అర్చకుడు గోత్రమడుగడు. చాచిన చేతులలో అదే ఉద్ధరిణెతో, అదే తీర్థమును వరుసగా పోసికొనుచు పోవును. ముందు నిలిచినవాడును, వెనుక నిలిచినవాడును ఎవరో ఒకరికొకరు ఎఱుగరు. ఆ వరుసలో నిలిచిన కొలది నిమిషములలో ‘మా స్వామి’ అని గడప దాటి వచ్చినవాడు ‘మన స్వామి’ అని వెలుపలికి పోగలిగినచో, అతని దర్శనము సఫలమైనట్లే.